ఐదుగురు మిత్రులు, 610 గంటలు: ఒక 1968 పాంటియాక్ జీటీఓ కేస్ స్టడీ

పాత అమెరికన్ కార్లను కొనబోయేవారి తరఫున పరీక్షించి చెప్పడం, కొన్న తరువాత వాటి ఇంజన్లు విప్పి బిగించడం నా వృత్తి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్‌కు ఉత్తరాన ఉన్న ఓక్లాండ్ కౌంటీలో పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. "మా వాళ్లంతా తలో చెయ్యి వేస్తామన్నారు" అంటూ ఉత్సాహంగా నా దగ్గరకు వచ్చినవారు ఈ కాలంలో చాలామందే ఉన్నారు గానీ, వారిలో సగం మంది బండ్లు ఇప్పటికీ సగం విప్పిన స్థితిలో, నాలుగు ఇనుప స్టాండ్ల మీద, గ్యారేజీ మూలల్లో దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఇక్కడ వివరించబోయే బండి, 1968 మోడల్ పాంటియాక్ జీటీఓ కారు, మాత్రం రెండేళ్లలో రోడ్డెక్కింది. అది ఎలా సాధ్యమైంది, మధ్యలో నా పొరపాటు వల్ల ఎంత డబ్బు అదనంగా ఖర్చయింది అన్న విషయాలను యజమాని అనుమతితో ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఎవరి పేరూ రాయడం లేదు.

యజమానికి చెయ్యి వేసిన ఐదుగురు మిత్రుల్లో నేను ఒకడిని కానని ముందే చెప్పాలి. నేను డబ్బు తీసుకుని పనిచేసిన మెకానిక్‌ను. వాళ్లు పనిచేసిన 610 గంటల లెక్కలో నా గంటలు లేవు.

యజమాని, గోడ మీది బొమ్మ

యజమాని వయసు మొదట కలిసినప్పుడు 53 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు టింకరింగ్ పని చేసే షెడ్డు వాళ్ల నాన్నగారిది. ఆ షెడ్డు గోడకు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఒక పాత ఇంగ్లీషు పత్రికలోని పేజీ అంటించి ఉండేదట. అందులో ముదురాకుపచ్చ రంగు కారు, పొడవాటి బోనెట్, వెనక్కి వాలిన పైకప్పు. చిన్నప్పుడు ఆయన్ను తొలిచిన ప్రశ్న ఒక్కటే: లారీకైనా, అంబాసిడర్‌కైనా ముందు మెరిసే బంపర్ ఉంటుంది కదా, దీనికి ఏది? తండ్రిని అడిగితే, "ఊడిపోయి ఉంటుంది లేరా" అన్నారట.

బంపర్ ఊడిపోలేదు. 1968 మోడల్ జీటీఓకు పాంటియాక్ సంస్థ ఎండ్యూరా అనే కొత్తరకం ముందు బంపర్ పెట్టింది. లోపల ఇనుప చట్రం, దానిపైన రబ్బరులా కొద్దిగా సాగే పదార్థం, ఆపైన బండి ఒంటికి వేసిన రంగే ఉంటాయి. చిన్న దెబ్బ తగిలితే లోపలికి వెళ్లి తిరిగి యథాస్థితికి వస్తుంది. బండి ముఖం మొత్తం ఒకే ముద్దలా కనిపించడానికి కారణం అదే. ఆ ఏడాది మోటార్ ట్రెండ్ పత్రిక జీటీఓను 'కార్ ఆఫ్ ది ఇయర్'గా ఎంపిక చేయడంలో ఈ బంపర్ పాత్ర చిన్నదేమీ కాదు. ఈ సంగతి ఆయనకు మిషిగన్‌కు ఉద్యోగానికి వచ్చాక, ఒక వేసవి సాయంత్రం వుడ్‌వర్డ్ అవెన్యూ పక్కన నిలిపి ఉన్న బండిని దగ్గరగా చూసినప్పుడు తెలిసింది. అప్పటినుంచి బండి కొనాలన్న కోరిక ఉంది. ఇల్లు, పిల్లల కాలేజీ ఫీజులు వరసగా ముందుకు వచ్చి కూర్చోవడంతో ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. 2022 ఆగస్టులో చిన్నమ్మాయి చదువు పూర్తయిన నెలలోనే ఆయన నాకు ఫోన్ చేశారు.

మిత్రుల్లో ముగ్గురు తెలుగువారు: ఫార్మింగ్టన్ హిల్స్‌లో లిఫ్టు ఉన్న గ్యారేజీ గల ఒక ఇంజనీరు, ఒక అకౌంటెంటు, రంగుల తయారీ ప్రయోగశాలలో పనిచేసే ఒక యువకుడు. నాలుగో వ్యక్తి ట్రైలరు, పెద్ద పికప్ ట్రక్కు ఉన్న సహోద్యోగి. ఐదో వ్యక్తి, కారు సంస్థ పేరే ఉన్న పాంటియాక్ నగరంలోని ఫ్యాక్టరీలో బాడీ విభాగంలో పనిచేసి రిటైరైన 74 ఏళ్ల అమెరికన్ పెద్దాయన. ఆయన ఇంటికి, యజమాని ఇంటికి మధ్య అడ్డుగోడ కూడా లేదు. ఆయన డబ్బు ఇవ్వలేదు, ఇవ్వగల స్థితిలో కూడా లేరు. కానీ ఆ 610 గంటల్లో 260 గంటలు ఆయనవే.

వద్దన్న రెండు బండ్లు

మిత్రుల సాయం అనగానే డబ్బు, స్పానర్లు, శనివారం బిర్యానీ గుర్తుకు వస్తాయి. ఈ కేసులో వారు చేసిన అతి విలువైన సాయం బండి కొనకముందే జరిగిందని, అది "వద్దు" అని చెప్పడమేనని నా అభిప్రాయం.

మొదటి బండి ఒహాయో రాష్ట్రంలో దొరికింది. ఎర్రటి రంగు, అద్దంలా మెరుపు, అడిగిన ధర 39,000 డాలర్లు. పాంటియాక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్ 1968 మోడళ్ల నుంచి కార్ల గుర్తింపు సంఖ్యను డాష్‌బోర్డు మీద, డ్రైవర్ వైపు ముందద్దం గుండా కనిపించేలా పెట్టింది కనుక, తలుపు తెరవకుండానే ఆ పలక చదవవచ్చు. 1968 పాంటియాక్‌లో ఆ సంఖ్యకు 13 స్థానాలు ఉంటాయి. మొదటి అంకె 2 అంటే పాంటియాక్, తరువాతి రెండు అంకెలు శ్రేణి, ఆ తరువాతి రెండు బాడీ రకం, ఆపైన మోడల్ సంవత్సరం, ఫ్యాక్టరీ అక్షరం, చివర ఆరంకెల వరుస సంఖ్య. జీటీఓ అయితే 242తో మొదలు కావాలి. ఈ బండిది 237తో మొదలైంది. అంటే అది పుట్టుకతో లె మాన్స్, అదే సంస్థ వారి తక్కువ ధర మోడల్. తరువాత ఎవరో జీటీఓ బోనెట్, బంపర్, బిళ్లలు తగిలించారు.

ఈ పరీక్ష అన్ని సంవత్సరాలకూ పనికిరాదు. జనరల్ మోటార్స్ అప్పట్లో మధ్యస్థాయి కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని నియమం విధించగా, జాన్ డెలోరియన్ నాయకత్వంలోని పాంటియాక్ ఇంజనీర్లు 389 క్యూబిక్ అంగుళాల ఇంజనును విడి మోడల్‌గా కాక, లె మాన్స్‌కు అదనంగా తీసుకునే ప్యాకేజీగా 1964లో ప్రవేశపెట్టి ఆ నియమాన్ని తప్పించుకున్నారు. అలా పుట్టింది కనుక 1964, 1965 జీటీఓల మీద ఉండేది లె మాన్స్ గుర్తింపు సంఖ్యే; 1965లో అది 237తో మొదలవుతుంది. వాటిని కాగితాలతోనే నిర్ధారించాలి. 1966లో జీటీఓ విడి మోడల్ అయ్యాక 242 వచ్చింది. ఒహాయో అమ్మకందారు ఈ గందరగోళాన్నే అడ్డుపెట్టుకుని, "ఆ రోజుల్లో అన్నీ 237లే" అని మమ్మల్ని ఒప్పించబోయాడు. 1965కు వర్తించే మాటను 1968 బండికి తగిలించాడన్నమాట. ఇంజను కూడా 1968 జీటీఓకు ఉండవలసిన 400 క్యూబిక్ అంగుళాలది కాదు, 350ది. పాంటియాక్ వి8 ఇంజన్లలో 350, 400 పైకి చూస్తే అచ్చు కవలలే. ముందు భాగంలో ప్రయాణికుడి వైపు, సిలిండర్ హెడ్ కింద కొట్టిన రెండక్షరాల కోడ్ చదివితే తప్ప తేడా తెలియదు.

యజమాని మాత్రం ఆ ఎరుపు మెరుపును వదిలి కదలలేదు. లె మాన్స్ అయితే ఏం, నడపడానికి జీటీఓలాగే ఉంటుంది కదా అన్నారు. అది తప్పుడు ఆలోచనేమీ కాదు. లె మాన్స్ ధర ఇచ్చి లె మాన్స్ కొంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పెద్దాయన ఏమీ వాదించకుండా వెళ్లి ట్రక్కులో కూర్చున్నారు. పావుగంట తరువాత మేమూ వెళ్లి కూర్చున్నాం.

రెండో బండి మిషిగన్‌లోనిదే. సంఖ్య 242, ఇంజను అసలుదే, కాగితాలు సరిగానే ఉన్నాయి. కానీ మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు యాభై ఏళ్లలో ఏం చేయాలో అదే చేసింది. వెనక చక్రాల పైన అయస్కాంతం నిలవకుండా జారిపోయింది. వేలి కణుపుతో తడితే తలుపు మీద ఖణేల్మన్న చప్పుడు వెనక రెక్క మీద బొద్దుగా, మూగగా మారింది. అంటే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. డిక్కీలో చాప ఎత్తితే నేల కనిపించింది; నేలంటే బండి నేల కాదు, భూమి. వెనక చక్రాల దగ్గర చాసిస్‌ను స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిపోయింది.

ధర 16,500 డాలర్లే కావడంతో యజమాని ఊగిసలాడారు. ఈసారి అడ్డుపడింది గ్యారేజీ మిత్రుడు. "కొనుక్కో బావా, నీ ఇష్టం. కానీ ఈ బండి నా గ్యారేజీలోకి రాదు" అన్నారు. ఆ మాటకు ఇద్దరి మధ్యా రెండు వారాలు మాటల్లేవు. నా వృత్తిలో ఇంతకంటే మంచి సాయం చూడలేదు. చాసిస్ కుళ్లిన బండికి చోటిచ్చి, మూడేళ్లు మొహమాటంతో భరించి, చివరకు స్నేహం చెడగొట్టుకున్నవాళ్లను చూశాను కనుక చెబుతున్నాను.

మూడో బండి న్యూ మెక్సికో రాష్ట్రంలోని అల్బకర్కీ దగ్గర, 2022 అక్టోబరులో దొరికింది. ఎడారి ఎండకు రంగు వెలిసి సుద్దలా చేతికి అంటుకుంటోంది, డాష్‌బోర్డు బీటలు వారింది, సీట్లు చిరిగి స్పాంజి బయటకు వచ్చింది. కానీ అయస్కాంతం ప్రతిచోటా టక్కున పట్టుకుంది. సంఖ్య 24237తో మొదలై, సంవత్సరానికి 8, ఫ్యాక్టరీకి పి అక్షరం ఉన్నాయి. అంటే పాంటియాక్ నగరంలోనే తయారైన హార్డ్‌టాప్, మడవడానికి వీల్లేని గట్టి పైకప్పు రకం. ఆ ఏడాది తయారైన 77,704 హార్డ్‌టాప్‌లలో ఇదొకటి. ఇంజను కోడ్ వైఎస్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో వచ్చే 350 హార్స్‌పవర్ 400 ఇంజను. 1968లో ఇంజను మీద కూడా బండి సంఖ్యలో కొంత భాగం కొట్టేవారు. అది కూడా సరిపోయింది. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ నుంచి తెప్పించిన ఫ్యాక్టరీ బిల్లు నకలులో రంగు వెర్డోరో గ్రీన్ అని ఉంది. గోడ మీది బొమ్మ రంగు అదే. బేరం 24,500 డాలర్లకు కుదిరింది. ట్రైలరు మిత్రుడు, యజమాని కలిసి సుమారు 2,500 కిలోమీటర్లు వంతులవారీగా నడిపి బండిని తెచ్చారు.

అప్పు కాగితం

యజమాని పక్కన పెట్టుకున్న డబ్బు బండి కొనడానికి, పన్ను కట్టడానికి సరిపోతుంది. తరువాతి పనికి చాలదు. నలుగురు మిత్రులు తలా 3,000 డాలర్లు ఇచ్చారు. గ్యారేజీ మిత్రుడు మొదట, ఇది అప్పు కాదు, బండి మీద మనందరి పేర్లూ వేయించుకుందాం అన్నారు. వినడానికి ముచ్చటగా ఉన్నా, అకౌంటెంటు మిత్రుడు గట్టిగా వద్దన్నారు. మిషిగన్ చట్టం ప్రకారం, యజమాని అనుమతితో బండి నడిపినవారి అజాగ్రత్త వల్ల జరిగే నష్టానికి యజమాని కూడా బాధ్యుడు. పేరు ఐదుగురిది అయితే ఒకరు చేసిన ప్రమాదానికి ఐదుగురూ కోర్టు మెట్లు ఎక్కవలసి రావచ్చు. పైగా ఎవరైనా మధ్యలో అమ్ముకోవాలనుకుంటే మిగిలినవారి సంతకాలన్నీ కావాలి.

అందుకని టైటిల్ (యాజమాన్య పత్రం) ఒక్కరి పేరిటే తీసుకుని, నాలుగు వేర్వేరు అప్పు కాగితాలు రాసుకున్నారు. వడ్డీ లేదు, నెలకు 125 డాలర్ల చొప్పున 24 వాయిదాలు, మొదటి వాయిదా బండి రోడ్డెక్కిన నెల నుంచి. వ్యక్తుల మధ్య 10,000 డాలర్లు దాటని చేబదుళ్లకు వడ్డీ లేకపోయినా అమెరికా ఆదాయపన్ను శాఖ సాధారణంగా పట్టించుకోదు కనుక ఆ వైపు చిక్కు లేదు. స్నేహితుల మధ్య కాగితమేమిటని యజమాని మొదట నొచ్చుకున్నారు. ఏడాది తరువాత ఇంజను ఖర్చు మీద పడ్డప్పుడు, ఎవరికి ఎంత ఇవ్వాలన్న చర్చ ఒక్కసారి కూడా రాకపోవడానికి ఆ నాలుగు కాగితాలే కారణం.

కాగితాలతో పాటు గ్యారేజీ తలుపు పక్కన ఒక నోటుపుస్తకం వేలాడదీశారు. వచ్చిన వ్యక్తి, చేసిన పని, పట్టిన గంటలు, మరుసటి వారానికి కావలసిన సామాను అందులో రాయాలి. విప్పిన ప్రతి బోల్టూ జిప్ సంచిలో, సంచి మీద ఎక్కడిదో రాసిన చీటీతో వెళ్లాలి. నేను పెట్టిన నియమం ఒక్కటే: నేను లేనప్పుడు బ్రేకులు, స్టీరింగు, పెట్రోలు పైపులు ఎవరూ ముట్టకూడదు. మిగతావి ఏవి తప్పు చేసినా మళ్లీ చేసుకోవచ్చు.

నా పొరపాటు

బండి వచ్చిన వారంలోనే ఇంజను పరీక్షించాను. ఎనిమిది సిలిండర్లలోనూ కంప్రెషన్ (లోపలి గాలిని నొక్కే ఒత్తిడి) 150 పీఎస్‌ఐకి అటూ ఇటూగా, ఒకదానికొకటి దగ్గరగా ఉంది. పొగ లేదు, తట్టినట్టు చప్పుడు లేదు. "ఇంజను విప్పక్కర్లేదు, బ్రేకులు, రేకు పని, రంగు చూసుకోండి" అని రాతపూర్వకంగా ఇచ్చాను. మొత్తం అంచనా 36,000 డాలర్లు అన్నాను.

బ్రేకుల పని నిజంగానే ముందు చేయవలసినది. సుమారు 1,600 కిలోల బండికి, 350 గుర్రాల ఇంజనుకు, ఆ కాలంలో మామూలుగా ఇచ్చినవి నాలుగు చక్రాలకూ 9.5 అంగుళాల డ్రమ్ములు. ఒకసారి గట్టిగా ఆపగలవు. వెంటనే రెండోసారి ఆపాలంటే వేడెక్కి పట్టు వదులుతాయి. యజమానికి అన్నీ ఫ్యాక్టరీలో ఉన్నట్టే ఉండాలని పట్టుదల. డిస్క్ బ్రేకులు ఆ ఏడాది అదనపు ఖర్చుకు ఫ్యాక్టరీలోనే దొరికేవని చూపించి, ముందు చక్రాలకు ఒప్పించాను. పాత డ్రమ్ములు చీటీ కట్టి అటక మీద ఉన్నాయి. ఎత్తున ఉన్న అల్బకర్కీ గాలికి తగ్గట్టుగా సన్నని జెట్లతో (పెట్రోలు పారే రంధ్రాలతో) నడిచిన కార్బ్యురేటరుకు, దాదాపు 1,300 మీటర్ల దిగువన ఉన్న మిషిగన్‌కు సరిపడే జెట్లు వేశాను.

2023 జూన్ నాటికి బండి నడుస్తోంది. రంగు వేయడానికి ముందు కొంత తిప్పి చూద్దామని దాదాపు 300 మైళ్లు తిప్పారు. ఒక సాయంత్రం యజమాని ఫోన్ చేసి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయిల్ దీపం మినుకుమంటోందని చెప్పారు. ఇంజను ఆపి, బండిని ట్రైలరు మీద తెమ్మన్నాను.

ఆయిల్ ఛాంబర్ దించితే అడుగున, నల్లటి మడ్డిలో, గోరు ముక్కల్లాంటి లేత గోధుమరంగు పెళుసు ముక్కలు దొరికాయి. పంపుకు ఆయిల్ పీల్చే జాలీలో సగం వాటితోనే మూసుకుపోయింది. అవి నైలాన్ పళ్లు. చప్పుడు తగ్గించడం కోసం ఆ కాలంలో క్యామ్ షాఫ్టు (ఇంజను వాల్వులను తెరిచే కడ్డీ) మీద, గొలుసుతో తిరిగే టైమింగ్ గేరుకు అల్యూమినియం మీద నైలాన్ పళ్లు అచ్చుపోసేవారు. వేడికి, వయసుకు అవి పెళుసెక్కి ఒక్కొక్కటే రాలుతాయి. జాలీ మూసుకుంటే ఆయిల్ అందదు. ఆయిల్ అందక క్రాంకు బేరింగులు రెండు రాగి తేలేంతగా అరిగిపోయాయి.

ఇది పాంటియాక్ పని చేసే ఎవరికైనా తెలిసిన జబ్బు. నాకూ తెలుసు. టైమింగ్ సెట్ మార్చామని పాత యజమాని చెప్పిన మాట నమ్మాను. నమ్మకపోతే రెండు నిమిషాల పరీక్ష ఉంది. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, క్రాంకును చేత్తో ఒక వైపుకు తిప్పి ఆపి, తిరిగి వెనక్కి తిప్పుతూ ఆ మూత కింద తిరిగే రోటరును చూడాలి. క్రాంకు కదిలిన వెంటనే రోటరు కదిలితే గొలుసు బిగువుగా ఉన్నట్టు. చాలా డిగ్రీలు తిరిగాక గానీ కదలకపోతే గొలుసు సాగిందనో, పళ్లు పోయాయనో అర్థం. కంప్రెషన్ బాగుందన్న ధీమాతో ఆ పరీక్ష చేయలేదు. అప్పుడే గేరు మార్చి ఉంటే కొన్ని వందల డాలర్లతో పోయేది. చివరకు క్రాంకు గ్రైండింగు, సిలిండర్లు 30 థౌ (అంగుళంలో వెయ్యోవంతులు) బోరింగు, పిస్టన్లు, బేరింగులు, క్యామ్, హెడ్ల పని కలిసి 6,900 డాలర్లు అయింది. నా కూలీ తీసుకోలేదు. అది నా దయ కాదు, నా బాకీ. మెషిన్ షాపు వాళ్లు ఆరు వారాలని చెప్పి ఐదు నెలలు పెట్టుకున్నారు. ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను.

విప్పక తప్పనప్పుడు ఒక మంచి జరిగింది. అసలు పిస్టన్లతో కంప్రెషన్ నిష్పత్తి 10.75, సీసం కలిపిన హై ఆక్టేన్ పెట్రోలు దొరికే రోజుల లెక్క అది. ఇప్పటి బంకులో దొరికే పెట్రోలుతో ఎండాకాలం ఎత్తు ఎక్కుతుంటే ఇంజను కిటకిటలాడుతుంది. గిన్నెలా లోతున్న పిస్టన్లు వేసి నిష్పత్తిని 9.3 దగ్గరకు దించాం. కాగితం మీద కొంత బలం తగ్గినా, నడిపే మనిషికి దిగులు తగ్గింది.

మొదటిసారి స్టార్టు చేసే ముందు ఆయిల్ ఎక్కించడం ఒక ఘట్టం. ఈ ఇంజనులో ఆయిల్ పంపును తిప్పేది డిస్ట్రిబ్యూటర్ కాడే కనుక, డిస్ట్రిబ్యూటర్ తీసేసి, ఆ రంధ్రంలోంచి పొడుగు కడ్డీ దింపి, డ్రిల్లు మిషనుతో పంపును తిప్పవచ్చు. పాంటియాక్‌లో అది అపసవ్యంగా తిరుగుతుంది కనుక డ్రిల్లును రివర్సులో పెట్టాలి. రంగుల యువకుడు డ్రిల్లు పట్టుకున్నాడు. మొదట అర నిమిషం అది ఖాళీగా గిర్రున తిరిగింది. ఒక్కసారిగా బరువెక్కి మూలగసాగింది. గేజీ ముల్లు 60 దాటింది. హెడ్ల మీద ఒక్కో రాకర్ దగ్గరా ఆయిల్ బొట్లు ఊరడం చూసి, యజమాని గ్యారేజీ గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. తరువాత జింకు ఎక్కువగా ఉన్న ఆయిలుతో, 2,000 ఆర్‌పీఎంకు తగ్గకుండా 20 నిమిషాలు నడిపి, కొత్త క్యామ్‌ను అలవాటు చేశాం.

రేకు, రంగు, బంపర్

ఇంజను మెషిన్ షాపులో ఉన్న ఐదు నెలలూ పెద్దాయనవి. తుప్పు తక్కువే అయినా, వెనక అద్దం కింద నీళ్లు నిలిచే గాడిలో మూడు చోట్ల రేకు పల్చబడింది. ఈ మోడళ్లన్నిటికీ అది బలహీనమైన చోటు. ఆయన పాత రేకును కోసి, అట్టముక్క మీద గీసి, కొత్త రేకును చేత్తో వంచి, ఒక్కో చుక్క వెల్డింగు వేసి, చల్లారనిచ్చి, మళ్లీ ఒక చుక్క వేశారు. అరచేయంత అతుకుకు ఒక శనివారం మొత్తం పట్టింది. వాళ్ల నాన్నగారి షెడ్డులో పెరిగిన యజమానికి సుత్తి, దిమ్మె పట్టడం ఇంకా చేతుల్లో ఉందని అప్పుడే తెలిసింది. ఇద్దరికీ మాటలు తక్కువ. ఒకరు రేకు లోపల దిమ్మె ఆనిస్తే మరొకరు పైన తట్టేవారు.

బంపర్ విషయంలో మాత్రం మాకెవరికీ అనుభవం లేదు. ఎడారి ఎండకు ఎండ్యూరా పొర నాలుగు చోట్ల పగిలింది. కొత్త నకలు బంపర్లు మార్కెట్లో దొరుకుతాయి. యజమాని పాతదే కావాలన్నారు. మామూలు రంగు దాని మీద వేస్తే, బంపర్ సాగినప్పుడు రంగు సాగక పగులుతుంది కనుక సాగుడునిచ్చే పదార్థం కలపాలి. ఎక్కువ కలిపితే పక్కనున్న రేకు రంగుతో ఛాయ కలవదు. రంగుల యువకుడు రబ్బరు ముక్కల మీద ఆరు రకాల పాళ్లతో రంగు వేసి, జనవరి చలిలో పది రోజులు బయట వేలాడదీసి, ఒక్కోదాన్ని వేళ్ల మీద మడిచి చూశాడు. నాలుగు పగిలాయి. మిగిలిన రెండింట్లో, వెర్డోరో గ్రీన్ పూసిన రేకు పక్కన మధ్యాహ్నపు ఎండలో పెడితే తేడా తెలియనిదాన్ని ఎంచుకున్నారు. ఈ బండిలో నేను ఒక్క చెయ్యి కూడా వేయని పని అదే, అందరూ ముందుగా మెచ్చుకునేదీ అదే.

లెక్క

2024 ఆగస్టు మొదటి వారానికి ఖర్చు ఇలా తేలింది. బండి 24,500, ఆరు శాతం పన్ను 1,470, అల్బకర్కీ ప్రయాణం 1,300, ఇంజను 6,900, బ్రేకులు, పైపులు, పెట్రోలు ట్యాంకు 2,150, టైర్లు 820, రేకు, రంగు సామాను 3,400, సీట్లు, డాష్‌బోర్డు 1,900, చిల్లర మల్లర 960. మొత్తం 43,400 డాలర్లు. నా అంచనా మీద 7,400 ఎక్కువ, అందులో సింహభాగం నా పొరపాటుది. మిత్రుల అప్పు పోను యజమాని చేతి నుంచి పోయినది 31,400. నోటుపుస్తకంలోని 610 గంటలకు, ఈ ప్రాంతపు షెడ్లలో గంటకు వంద డాలర్లు వేసుకున్నా, 61,000 డాలర్లు అవుతుంది. మిత్రులు అప్పిచ్చిన 12,000తో పోలిస్తే ఇది ఐదు రెట్లు. స్నేహితులు డబ్బు ఇస్తే చాలు, పని షెడ్డులో చేయించుకుంటానని వచ్చేవారికి నేను ఈ రెండు సంఖ్యలూ చూపిస్తున్నాను.

బీమా విషయంలో ఒక్క మాట. మామూలు పాలసీ పాత బండిని అరిగిపోయిన బండిగా లెక్క కడుతుంది. పాత కార్లకు ముందే ఇరువర్గాలూ ఒప్పుకున్న విలువకు చేసే బీమా ఉంటుంది. నోటుపుస్తకం, బిల్లులు, ఫోటోలు దానికి ఆధారంగా పనికివచ్చాయి. 26 ఏళ్లు నిండిన బండ్లకు మిషిగన్ ఇచ్చే చారిత్రక నంబరు పలకతో రోజువారీ ప్రయాణం కుదరదు, క్లబ్బు కార్యక్రమాలు, ప్రదర్శనల వంటివాటికే. ఒక్క ఆగస్టు నెలలో మాత్రం మామూలుగా తిప్పుకోవచ్చు. యజమాని ఆఫీసుకు కూడా దీనిలోనే వెళ్లాలని మామూలు పలకే తీసుకున్నారు.

నోవైలోని వెంకటేశ్వరస్వామి గుడిలో పూజ చేయించి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. వెనక కుడి నిమ్మకాయ పెట్టింది పెద్దాయన. బండి కదిలాక అది నలిగిందో లేదో వంగి చూసి మరీ తృప్తిపడ్డారు. ఆగస్టు 17న, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ రోజున, ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ నగరం వరకు వెళ్లారు. 1995 నుంచి, 2020లో తప్ప, ఏటా ఆగస్టు మూడో శనివారం జరిగే ఆ పాత కార్ల ఊరేగింపులో బండి గంటకు పది మైళ్లు మించి కదలదు; అంత నెమ్మది నడకలో, ఎండలో ఇంజను వేడెక్కకపోవడమే మా పనికి నిజమైన పరీక్ష. ముల్లు ఒక్కసారి కూడా గీత దాటలేదు. క్రాంకు వెనక, ఆయిలు కారకుండా ఆపే తాడు సీలు దగ్గర రోజుకు ఒకటి రెండు చుక్కల ఆయిలు కారుతోంది. దాన్ని శీతాకాలంలో చూస్తాను.

ఆ సాయంత్రం పాంటియాక్ నగరంలో, మూసేసిన ఫ్యాక్టరీ ఉన్న వైపు బండి ఆపి, యజమాని విజయవాడకు వీడియో కాల్ చేశారు. అక్కడ తెల్లవారి ఐదు. నాన్నగారికి 84 ఏళ్లు, చూపు మందగించింది, చెవులు మాత్రం బాగున్నాయి. బండి చుట్టూ ఫోన్ తిప్పి, ముందుకు తెచ్చి, "ఇదిగో నాన్నా, బంపర్. ఊడిపోలేదు" అన్నారు. ఆయన కాసేపు చూసి, "తట్టు" అన్నారు. యజమాని వేలి కణుపుతో బంపర్ మీద తట్టారు. మెత్తగా, బొద్దుగా, మూగగా చప్పుడు వచ్చింది.

"లప్పం ఎంత పెట్టార్రా దీనికి?" అన్నారు నాన్నగారు అటువైపు నుంచి.